అరవై దాటాక నడక ఒక్కటే సరిపోదు: ఒంటికీ మెదడుకీ ఇంట్లోనే చేసుకునే వ్యాయామం

డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి తెచ్చి, దాని వీపు గోడకి ఆనేలా వేయండి. చక్రాలున్నదీ, వంగిపోయే ప్లాస్టిక్‌దీ వద్దు. కుర్చీ మధ్యలో కూర్చుని, కుడి చెయ్యి ఎడమ భుజం మీద, ఎడమ చెయ్యి కుడి భుజం మీద పెట్టుకోండి. ఇంట్లో ఎవరినైనా ఫోన్‌లో ముప్పై సెకన్లు పెట్టి పక్కన నిలబడమనండి. ఇప్పుడు పూర్తిగా లేచి నిలబడి, మళ్ళీ కూర్చోండి. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి. మధ్యలో చెయ్యి ఆనించాల్సి వస్తే మీ లెక్క సున్నా కిందే వేసుకోండి.

ఇది ముసలివాళ్ళు పడిపోకుండా చూసేందుకు అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ళు డాక్టర్లకి ఇచ్చిన పరీక్ష. వాళ్ళ లెక్కలో 65 నుంచి 69 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 12 సార్లు, ఆడవాళ్ళు 11 సార్లు లేవాలి. 70 నుంచి 74 మధ్య అయితే మగవాళ్ళు 12, ఆడవాళ్ళు 10. అంతకన్నా తక్కువ వస్తే కాళ్ళలో బలం తగ్గిందని, పడిపోయే ప్రమాదం ఉందని అర్థం. వచ్చిన అంకె క్యాలెండర్ మీద తేదీ పక్కన రాసిపెట్టుకోండి. దానితో మళ్ళీ పని ఉంది.

మా అమ్మకి డెబ్బై రెండేళ్ళప్పుడు ఈ పరీక్ష పెడితే మూడు వచ్చాయి. అప్పటికి ఆమె పదేళ్ళుగా రోజూ పొద్దున మన హైదరాబాద్ ఇందిరా పార్కులో నడుస్తోంది. వాన పడితే తప్ప మానేది కాదు. ఇంట్లో అందరం ‘అమ్మకేం, గట్టిగానే ఉంది’ అనుకున్నాం.

విషయం బోడుప్పల్‌లో మా చిన్నాన్న వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం రోజు బయటపడింది. అమ్మ అందరితో పాటు జంపఖానా మీద కూర్చుంది. ఐదు కథలూ అయ్యాయి, హారతి ఇచ్చారు, అందరూ లేచారు. అమ్మ కుడి చెయ్యి నేలకి ఆనించి, ఎడమ చెయ్యి మోకాలి మీద వేసి నొక్కింది. నడుము నాలుగంగుళాలు లేచి మళ్ళీ కిందికి జారింది. రెండోసారీ అంతే. చీర కుచ్చిళ్ళు మడమ కింద పడ్డాయని అంది కానీ, కుచ్చిళ్ళు సర్దాక కూడా లేవలేదు. చివరికి నేనూ పిన్నీ చెరో చంకలో చెయ్యి వేసి లేపాం. ఆటోలో ఇంటికి వస్తుంటే చాలాసేపటికి నోరు తెరిచి, ‘రోజు నడుస్తనే ఉన్న కద బిడ్డా, మరెందుకు లేవరాలే?’ అని అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతేనే ఇక్కడ రాస్తున్నదంతా తెలిసింది. చదునైన దారిలో నడక గుండెకీ ఊపిరితిత్తులకీ షుగర్‌కీ ఎంతో మంచిది. కానీ తొడ కండరానికి అది పెద్ద బరువు కాదు. ముప్పై ఏళ్ళు దాటిన దగ్గర్నుంచి పదేళ్ళకోసారి మన కండ సుమారు మూడు నుంచి ఎనిమిది శాతం తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఆ తరుగు ఇంకా పెరుగుతుంది. బరువు మోయిస్తేనే కండ నిలుస్తుంది. పైగా ఈ కాలంలో మనం నేల మీద కూర్చోవడమే మానేశాం. కత్తిపీట పోయింది, కింద కూర్చుని భోజనం పోయింది, వెస్టర్న్ కమోడ్ వచ్చింది, లిఫ్టు వచ్చింది. రోజుకి ముప్పై నలభై సార్లు మనకి తెలియకుండానే చేసిన గుంజీళ్ళు అన్నీ అలా పోయాయి.

పోయింది తిరిగి వస్తుందా అంటే, వస్తుంది. 1990లో అమెరికాలో బోస్టన్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో సుమారు తొంభై ఏళ్ళున్న పదిమంది బలహీనుల చేత ఎనిమిది వారాలు కాళ్ళకి బరువుల వ్యాయామం చేయించారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ‘ఈ వయసులో ఇంకేం వస్తుంది’ అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

మొదలుపెట్టే ముందు

ఈ మధ్య గుండెకి స్టెంట్ పడినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, తరచూ కళ్ళు తిరిగేవాళ్ళు ముందు మీ డాక్టరుని అడగండి. మోకాలి చిప్ప మార్పిడి అయినవాళ్ళు మోకాళ్ళ మీద వంగే పనుల గురించి ప్రత్యేకంగా అడగండి. ఎముకలు గుల్లబారాయని చెప్పి ఉంటే, నడుము బాగా ముందుకి వంచేవి, మెలితిప్పేవి వద్దు. ఇన్సులిన్ గానీ షుగర్ పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్ళు జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి, ఖాళీ కడుపుతో చేయకండి. చేస్తుండగా ఛాతీలో బరువుగా అనిపించినా, నొప్పి దవడకో చేతికో పాకినా, చల్లటి చెమటలు పట్టినా వెంటనే ఆపి కూర్చోండి, 108కి ఫోన్ చేయించండి. గ్యాస్ అనుకుని చూద్దాంలే అని ఊరుకోవద్దు.

ముందు కుర్చీ

నన్ను ఒక్కటే వ్యాయామం చెప్పమంటే ఇదే చెబుతాను.

కుర్చీ అంచుకి జరిగి కూర్చోండి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పాదాలు ముందుకి చాపి, వీపు నిటారుగా ఉంచి లేవాలని చూస్తారు, అలా ఎవరూ లేవలేరు. ముక్కు కాలివేళ్ళకి సరిగ్గా పైకి వచ్చేదాకా ముందుకి వంగండి. అప్పుడు బరువంతా పాదాల మీదికి వస్తుంది, పిరుదులు వాటంతట అవే తేలికవుతాయి. ఊపిరి వదులుతూ లేవండి. మోకాళ్ళు లోపలికి ఒకదానివైపు ఒకటి వాలకుండా చూసుకోండి. పూర్తిగా నిటారుగా నిలబడండి.

అసలు పని కూర్చునేటప్పుడు ఉంది. ధబ్బున పడకండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ, వెనక కుర్చీ లేదేమో అన్నంత నెమ్మదిగా దిగండి. ఆ దిగడంలోనే తొడలు పనిచేస్తాయి. ఊపిరి మాత్రం ఎక్కడా బిగబట్టకండి, బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది.

చేతులు ఆనించకుండా అస్సలు రాకపోయినా, రెండు మూడుసార్లకే ఆగిపోతున్నా కుర్చీలో రెండు గట్టి దిండ్లు వేసుకుని ఎత్తు పెంచండి. మా అమ్మ అలాగే మొదలుపెట్టింది. ఐదుసార్లు లేచి, రెండు నిమిషాలు కూర్చుని, ఇంకో ఐదు. రెండు వారాలకి ఒక దిండు తీసేశాం, ఐదో వారానికి రెండోదీ తీసేశాం. ఎనిమిది చొప్పున మూడు విడతలు తేలిగ్గా వస్తున్నాయంటే బరువు పెంచే సమయం వచ్చినట్టే. కిలో కందిపప్పు ప్యాకెట్ గుండెలకి హత్తుకుని లేవండి, తర్వాత రెండు కిలోల గోధుమపిండి. ప్రతి విడతలో చివరి రెండూ ‘అమ్మో’ అనిపించాలి. అనిపించకపోతే కండకి పని తగల్లేదన్నమాట.

వారానికి రెండు రోజులు చాలు, మూడైతే ఇంకా మంచిది, కానీ మధ్యలో ఒక రోజు ఎడం ఉండాలి. కండ పెరిగేది ఆ విశ్రాంతిలోనే.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది చదివి భయపడతారని నాకు తెలుసు. అరిగిన మోకాలికి తొడ కండరమే ఆసరా, అది బలపడితే నొప్పి తగ్గేవాళ్ళే ఎక్కువ. కొలత ఒకటి పెట్టుకోండి: చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి పరవాలేదు, మర్నాడు పొద్దుటికి అది మామూలుకి రావాలి. రాకపోయినా, వాపు వచ్చినా కుర్చీ ఎత్తు పెంచండి, సంఖ్య తగ్గించండి.

చేతులకి గోడ చాలు. గోడకి మూర దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, ఛాతీని గోడ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ నెట్టుకోండి. పది చొప్పున రెండు విడతలు. రైతు బజార్ నుంచి కూరగాయల సంచీలు రెండు చేతుల్లో సమంగా మోసుకు రావడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

చాయ్ మరిగేలోపు

నిలకడకి వేరే సమయం అక్కర్లేదు. వంటింటి గట్టు దగ్గర చెయ్యండి, తూలితే పట్టుకోవడానికి గట్టు ఉంటుంది. స్టవ్‌కి దగ్గరగా మాత్రం వద్దు.

మొదట రెండు పాదాలు కలిపి పది సెకన్లు. తర్వాత ఒక పాదం బొటనవేలు రెండో పాదం మధ్యలో తగిలేలా పది సెకన్లు. తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకి తగిలేలా, ఒకే గీత మీద నిలబడినట్టు పది సెకన్లు. ఆఖరుకి ఒంటికాలి మీద. మూడోది పది సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క, కాబట్టి అది వచ్చేదాకా రోజూ దాని మీదే పని చేయండి. చెయ్యి గట్టు మీద, తర్వాత రెండు వేళ్ళు, తర్వాత ఒక్క వేలు, అలా తీసేస్తూ రండి. కళ్ళు మాత్రం మూయకండి.

అక్కడే మడమలు ఎత్తి మునివేళ్ళ మీద లేవండి, నెమ్మదిగా దిగండి, పదిహేనుసార్లు. పిక్కల్లో బలం ఉంటేనే కాలు తడబడినప్పుడు అడుగు తొందరగా పడుతుంది. మా ఇంట్లో చాయ్ మరిగేలోపు ఇదంతా అయిపోతుంది.

నేల మీంచి లేవడం

దీన్ని అందరూ వదిలేస్తారు. పడిపోయినప్పుడు దెబ్బ తగలకపోయినా, లేవలేక గంటలు గంటలు బాత్రూంలో పడి ఉండడం వల్ల నీరసించి ఆసుపత్రిపాలయ్యేవాళ్ళు ఉంటారు. కాబట్టి ఇది ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే నేర్చుకోవాలి, నేర్చుకునేటప్పుడు పక్కన ఒకరు ఉండాలి.

చాప మీద మందపాటి బొంత వేయండి, గోడకి ఆనించిన కుర్చీ పక్కనే ఉండాలి. వెల్లకిలా పడుకుని, ముందు ఒక పక్కకి తిరగండి. పైన ఉన్న చెయ్యి నేలకి ఆనించి, కింది మోచేతి మీద లేచి ఒరిగి కూర్చోండి. అక్కడ ఆగి రెండు మూడు ఊపిర్లు తీసుకోండి, తొందరపడితే కళ్ళు తిరుగుతాయి. తర్వాత మనవడిని వీపు మీద ఎక్కించుకుని గుర్రం ఆట ఆడినట్టు చేతులూ మోకాళ్ళ మీదికి రండి. అలాగే కుర్చీ దాకా పాకండి. రెండు చేతులూ కుర్చీ మీద పెట్టి, మీకు బలమున్న కాలు ముందుకి తెచ్చి పాదం పూర్తిగా నేలకి ఆనించండి. చేతులతో కుర్చీని కిందికి, పాదంతో నేలని కిందికి నొక్కుతూ లేచి, తిరిగి కుర్చీలో కూర్చోండి.

కుర్చీలో లేవడం పదికి వచ్చాకే అమ్మ దీన్ని మొదలుపెట్టింది. మొదటిరోజు గుర్రంలాగా వంగిన చోటే ఆగిపోయి, మోకాళ్ళు నొక్కుకుంటున్నాయంది. బొంత కింద ఇంకో దుప్పటి మడతపెట్టి వేశాం. నాలుగో వారంలో నన్ను పిలవకుండా ఒక్కతే లేచి, వంటింట్లోకి వచ్చి చెప్పింది. నేను తిట్టాను, పక్కన మనిషి లేకుండా ఎందుకు చేశావని. ఆ సంతోషం మాత్రం ఇద్దరిదీను.

ఇప్పుడు నడక

నడకని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, 65 దాటినవాళ్ళు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా కదలాలి, రెండు రోజులు బలానికి, మూడు రోజులు నిలకడకి కేటాయించాలి. అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. చురుకు అంటే, పక్కన ఉన్నవాళ్ళతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. పాడుతూ నడవగలిగితే వేగం చాలదు. మధ్య మధ్య ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా నడిస్తే ఊపిరి దమ్ము పెరుగుతుంది.

పదివేల అడుగుల టెన్షన్ వదిలేయండి. ఆ అంకె 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం పేరుతో వచ్చింది, డాక్టర్లు పెట్టింది కాదు. 2019లో అమెరికాలో వయసు మళ్ళిన ఆడవాళ్ళ మీద వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో రోజుకి సుమారు 4,400 అడుగులకే మరణాలు తగ్గడం కనిపించింది, 7,500 దాటాక ఇంకా తగ్గలేదు.

మన ఊళ్ళో అసలు చిక్కు దారి. ఫుట్‌పాత్ మీద బండ్లు, పగిలిన పలకలు, తెల్లవారుజామున కుక్కలు. అందుకే వీధిలో కన్నా పార్కుకి పోవడం మేలు: కేబీఆర్ పార్క్, ఇందిరా పార్క్, సంజీవయ్య పార్క్, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్క్, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్క్. ఏప్రిల్, మే నెలల్లో ఏడు లోపు ఇంటికి వచ్చేయండి. వానాకాలంలో డాబా మీద పాచి పడుతుంది, అక్కడ నడవకండి, అపార్ట్‌మెంట్ కారిడార్ నయం. డిసెంబర్, జనవరిలో చీకట్లోనే బయల్దేరే అలవాటుంటే మానండి, పొద్దు పొడిచి పొగమంచు విడిచాక పోండి. చెప్పులు కాదు, మడమని పట్టి ఉంచే బూట్లు వేసుకోండి.

మెట్లు దొరికితే వదలొద్దు. మెట్రో స్టేషన్‌లో రెయిలింగ్ పట్టుకుని ఎక్కండి, మోకాళ్ళు నొప్పి ఉంటే దిగేటప్పుడు లిఫ్టు వాడండి. మా అమ్మ గురి సిటీ బస్సు. ఆ ఫుట్‌బోర్డు ఎత్తుకి భయపడి మూడేళ్ళు బస్సు ఎక్కలేదు. ఇంట్లో మెట్టు మీద ఒక్కో కాలితో ఎనిమిదేసి సార్లు ఎక్కి దిగి, ఏడాది కాకుండానే చిక్కడపల్లిలో బస్సు ఎక్కి కోఠి పోయి వచ్చింది. ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇంకా ఆమె పర్సులోనే ఉంది. మీరూ అలాంటిదేదో ఒకటి పెట్టుకోండి: బిర్లా మందిర్ మెట్లు కావచ్చు, మనవరాలిని ఎత్తుకోవడం కావచ్చు.

మెదడుకి

2011లో అమెరికాలో 55 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉన్న 120 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల చొప్పున నడిచింది. రెండో జట్టు ఒళ్ళు సాగదీసే తేలిక వ్యాయామాలే చేసింది. జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం నడిచినవాళ్ళలో సుమారు రెండు శాతం పెరిగింది, రెండో జట్టులో తగ్గింది. తర్వాత జరిగిన అన్ని పరిశోధనల్లోనూ ఇంత స్పష్టంగా రాలేదు, కానీ వ్యాయామం మెదడుకి రక్తం బాగా అందేలా చేస్తుందని, బీపీనీ షుగర్‌నీ అదుపులో ఉంచి మెదడు రక్తనాళాల్ని కాపాడుతుందని గట్టిగానే చెప్పొచ్చు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మతిమరుపు జబ్బుకి మనం మార్చుకోగలిగిన కారణాలు 14 చెప్పింది. కదలకుండా కూర్చోవడం వాటిలో ఒకటి. చెవుడు, బీపీ, షుగర్, ఒంటరితనం కూడా ఆ పద్నాలుగులో ఉన్నాయి. వినికిడి తగ్గితే మిషన్ పెట్టించుకోవడానికి సిగ్గుపడొద్దు.

ఒంటితో పాటు బుర్రకి కూడా ఒకేసారి పని పెడితే ఇంకా మంచిది. నడుస్తుంటే ఎవరైనా మాట్లాడించగానే ఆగిపోయే పెద్దవాళ్ళని చూసే ఉంటారు. రెండు పనులు ఒకేసారి మెదడు మోయలేకపోతోందని దానర్థం, అది పడిపోవడానికి ముందు కనిపించే గుర్తుల్లో ఒకటి. పార్కు లోపల, చదునైన చోట మాత్రమే, నడుస్తూ వంద నుంచి మూడేసి తగ్గిస్తూ చెప్పండి. ‘క’తో మొదలయ్యే ఊళ్ళ పేర్లు చెప్పుకోండి. రోడ్డు మీద మాత్రం ఇది వద్దు, ఫోనూ వద్దు.

ఇంకో దారి మన చేతుల్లోనే ఉంది. బతుకమ్మ ఆడటాన్ని ఒకసారి దగ్గరగా చూడండి: అడుగు పక్కకి, నడుము వంగి, చప్పట్లు, మళ్ళీ లేచి, పక్క మనిషితో వేగం కలిపి, పాటకి వంత. కాళ్ళు, చేతులు, చెవి, జ్ఞాపకం, తోడు, అన్నీ ఒక్కచోట. తొమ్మిది రోజులతో ఎందుకు ఆపాలి? మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు ఆడవాళ్ళం శనివారం సాయంత్రం సెల్లార్‌లో ఆడుతున్నాం. మగవాళ్ళు కోలాటం నేర్చుకోవచ్చు. వచ్చిన అడుగులే మళ్ళీ మళ్ళీ కాకుండా నెలకో కొత్త వరస నేర్చుకోండి, అడుగులు తప్పుతున్నప్పుడే బుర్ర ఎక్కువ పనిచేస్తుంది.

పళ్ళెంలో

అన్నం, చారు, మజ్జిగతో కండ పెరగదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతుంది. వయసు మళ్ళినవాళ్ళకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని చాలామంది నిపుణుల మాట. అరవై కిలోల మనిషికి కనీసం అరవై గ్రాములు అన్నమాట. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరు, ముప్పై గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పులో ఆరేడు, గుప్పెడు పల్లీల్లో ఏడు గ్రాముల దాకా ఉంటాయి. మూడు పూటలా పంచుకోండి, ముఖ్యంగా పొద్దున. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

వారం ఎలా సర్దుకోవాలి

సోమ, గురువారాలు కుర్చీ, గోడ, మెట్టు. నిలకడ రోజూ. నడక ఐదు రోజులు, ఒకేసారి అరగంట కుదరకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు. నేల మీంచి లేవడం వారానికొకసారి. మొదటి నెలలో అన్నీ కలిపి పట్టకండి, కుర్చీ, నిలకడ ఈ రెండింటితోనే మొదలుపెట్టి మిగతావి ఒక్కొక్కటీ చేర్చండి.

ఎనిమిది వారాలకి మళ్ళీ ముప్పై సెకన్ల పరీక్ష పెట్టుకుని, కొత్త అంకె పాతదాని కింద రాయండి. మా అమ్మకి మొదట మూడు, ఎనిమిది వారాలకి ఏడు, ఆరు నెలలకి పదకొండు.

జ్వరం వచ్చినా, పెళ్ళికి ఊరెళ్ళినా మధ్యలో తెగుతుంది. పదిరోజులు తెగితే, తిరిగి వచ్చిన మొదటి వారం సగం లెక్కతో, కందిపప్పు ప్యాకెట్ లేకుండా చేయండి. నెల దాటితే కుర్చీలో మళ్ళీ ఒక దిండు వేసుకుని మొదలుపెట్టండి.